నిత్యవ్యాయామము, విరామదినము: ఒక సమీక్ష

వ్యాయామము దేహమునకు హితకరమన్న విషయమున నేడు భిన్నాభిప్రాయము లేదు. అది నిత్యము చేయదగినదా, నడుమ నడుమ విడువదగినదా యన్న విషయముననే వైద్యులును, శిక్షకులును, శరీరశాస్త్రజ్ఞులును నూరేండ్లకు పైగా ఏకాభిప్రాయమునకు రాలేకున్నారు. స్నానభోజనములవలె ఒక్కనాడైనను లోపింపరాని విధిగా దానిని పాటింపవలయునని ఒక పక్షమువారును, శ్రమచే నలిగిన దేహము విశ్రాంతివేళనే బలమును పుంజుకొనును గనుక వారమునకు ఒకటి రెండు దినములైనను దానిని మానవలయునని వేరొక పక్షమువారును చెప్పుదురు. ఇరుపక్షములకును ప్రయోగశాలల ప్రమాణము గలదు. ఇరుపక్షములకును ఒలింపిక్ విజేతలు సాక్షులుగా నిలిచియున్నారు. ఒకే వైద్యసంఘము ఒక దశకమున ఒక పక్షమునకును, మరొక దశకమున రెండవ పక్షమునకును మొగ్గు చూపిన సందర్భమును గలదు. గుండెను, రక్తమును దృష్టియందుంచుకొని ఒకరు చెప్పిన మాటకు కండరములను, ఎముకలను దృష్టియందుంచుకొని మరొకరు బదులు చెప్పుచుండుటవలన ఈ వాదము ఇంతగా చిక్కుపడినదని నా యభిప్రాయము.

ప్రాచీనుల పరిమితి

మన వైద్యశాస్త్రమున ఈ ప్రశ్నకు లభించు సమాధానము ఆశ్చర్యకరముగా సూక్ష్మమైనది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున వ్యాయామమును అన్ని ఋతువులయందును, ప్రతిదినమును చేయవలయునని విధించిన చోటనే, అది తన బలములో సగమునకు మించరాదనియు, మించినచో ప్రాణమునకే ముప్పనియు చెప్పబడినది. ఆ సగమును కొలుచుటకు యంత్రమేమియు అక్కరలేదు: శ్రమించువాని ఊపిరి నోటిగుండ వెలువడ నారంభించిన క్షణమే బలార్ధమునకు గుర్తు. నుదుటను, ముక్కుపైని, చంకలయందును చెమట పొడముట, నోరెండుట మొదలగు లక్షణములను తరువాతివారు దీనికి చేర్చినారు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, బలవంతులై స్నిగ్ధాహారము భుజించువారికే శీతకాలమునను, వసంతమునను సగము బలమును అనుమతించి, తక్కిన ఋతువులలో అంతకంటెను తక్కువ చాలుననెను. నేటి వైద్యులు నడకకు వెళ్లువారితో, మాటలాడ గలిగియు పాట పాడలేనంత వేగము చాలునని చెప్పు కొలబద్ద ఈ ప్రాచీనలక్షణమునకు సన్నిహితబంధువు. ఆ వైద్యాచార్యులు విరామదినమును విధింపక, ప్రతిదినపు శ్రమయందే విరామమును ఇమిడ్చినారు.

గ్రీకులు వేరుమార్గమున నడిచిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఫిలోస్ట్రాటస్ వ్యాయామశాస్త్రమును గూర్చి రచించిన గ్రంథమున, నాటి శిక్షకులు పాటించిన నాలుగు దినముల చక్రమొకటి వర్ణింపబడినది: మొదటినాడు చురుకైన స్వల్పశ్రమతో దేహమును సిద్ధపరచుట, రెండవనాడు సర్వశక్తులను ఒడ్డుట, మూడవనాడు సడలింపు, నాలుగవనాడు మధ్యమశ్రమ. ఈనాటి శిక్షణపట్టికలకు ఇది ఆదిరూపమని చెప్పవచ్చును. కాని ఫిలోస్ట్రాటస్ దీనిని మెచ్చుకొనుటకు గాక ఖండించుటకు చెప్పెను. జెరీనస్ అను మల్లుడు ఒలింపియాలో గెలిచి, మిత్రులతో విందారగించి మద్యము సేవించి, నిద్రలేక, అజీర్ణముతో వ్యాయామశాలకు వచ్చి తన దురవస్థను శిక్షకునికి విన్నవించుకొనగా, ఆ శిక్షకుడు కినిసి, చక్రమున ఆనాటికి నియతమైన శ్రమను చేయించి తీరెననియు, ఆ శ్రమనడుమనే మల్లుడు మరణించెననియు అతడు వ్రాసెను. ఆ చక్రమున సడలింపు దినము లేకపోలేదు. ఐనను అది జెరీనసును కాపాడలేదు. విశ్రాంతి యెన్ని దినములకొకసారి యను లెక్క ఎంత చక్కగా కుదిరినను, ఎదుట నిలిచిన మనుష్యుని ఆనాటి స్థితిని చూడని శిక్షణ ప్రమాదకరమన్న సత్యమును ఈ వృత్తాంతము స్పష్టముగా నిరూపించుచున్నది.

నియతవిరామము మనకును అపరిచితము గాదు. వేదపాఠశాలలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలగు తిథులయందు అనధ్యాయము పాటింపబడును. మైసూరులో పట్టాభి జోయిస్ గారు బోధించిన అష్టాంగయోగ పద్ధతియందును వారమునకొకనాడును, పూర్ణిమ అమావాస్యలయందును ఆసనాభ్యాసమునకు సెలవు గలదు.

నిత్యవాదము

ఆధునిక నిత్యవాదమునకు పుట్టినిల్లు ఇల్లే. డెన్మార్కు దేశీయుడైన జె.పి. మ్యూలర్ 1904లో తన పద్ధతిని ప్రకటించి, దినమునకు పదునైదు నిమిషములు చాలునని చాటగా ఆ పుస్తకము అనేక ఐరోపా భాషలలోనికి వ్యాపించెను. మహారాష్ట్రమున ఔంధ్ సంస్థానాధీశుడు భవానరావు పంత్ ప్రతినిధి 1928లో సూర్యనమస్కారములపై గ్రంథము వెలువరించి, వానిని పాఠశాలలలో నిత్యకృత్యముగా ప్రవేశపెట్టెను. మన తాలింఖానాలలో తెల్లవారుజామున దండేలు, బస్కీలు తీయుట ఆబాలగోపాలమునకు నిత్యవిధిగా నుండెడిది. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, తరువాత సర్కసు స్థాపించి దేశమంతట కీర్తి గడించిన కోడి రామమూర్తినాయుడుగారి తరము ఆ వాతావరణమున పెరిగినది. ఈ పద్ధతులన్నిటికిని ఉన్న సామాన్యలక్షణ మొకటి గమనింపదగినది: ఇవి పరికరములు లేనివి, తన దేహభారమే బరువుగా గలవి, అనగా మితిమీరుట కొంత కష్టమైనవి.

శాస్త్రీయమైన బలము ఈ పక్షమునకు 1953లో చేకూరెను. జెర్రీ మోరిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, దినమంతయు కూర్చుండు డ్రైవర్లకంటె, దినమంతయు మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు హృద్రోగము తక్కువగా వచ్చుచున్నట్లు ప్రకటించిరి. ఆ కండక్టరు వ్యాయామము చేయుచున్నానని ఎన్నడును తలంపలేదు. టిక్కెట్లు ఇచ్చుటకై మేడమెట్లెక్కినాడు. నిత్యము, స్వల్పము, పలుమారులు: ఈ మూడు గుణములు గల శ్రమ గుండెను కాచునన్న భావమునకు ఈ పరిశీలన మూలాధార మయ్యెను.

వైద్యసంఘముల సలహాలు ఆ తరువాత నడచిన దారి వంకరటింకరగా నున్నది. అమెరికా క్రీడావైద్య కళాశాల 1978లో వారమునకు మూడు మొదలు అయిదు దినములు చాలునని సూచించెను. 1995లో అదే సంస్థ, ఆ దేశపు వ్యాధినియంత్రణ కేంద్రములతో గూడి, వారములో అధికదినములు, వీలైనచో అన్నిదినములును, ముప్పది నిమిషములు మధ్యమశ్రమ చేయవలయుననెను. 2008 నాటి అమెరికా ప్రభుత్వపు మార్గదర్శకములలో దినముల లెక్క వెనుకబడి, వారమునకు మొత్తము 150 నిమిషములన్న లెక్క ముందునకు వచ్చినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో దీనిని 150 మొదలు 300 నిమిషములకు విస్తరించి, కండరములను బలపరచు వ్యాయామమును మాత్రము వారమున రెండు లేక అంతకు మించిన దినములు చేయుమనెను. ఈ మార్పులను చూచి శాస్త్రము నిలకడలేనిదని నిందించువారు కలరు. నిజమునకు 1978 నాటివారు దేహదార్ఢ్యమును, 1995 నాటివారు ప్రజారోగ్యమును తలచి మాటలాడిరి. మొదటిది తీవ్రశ్రమను కోరును, రెండవది కదలికను కోరును.

నిత్యవాదుల వాదములలో మిక్కిలి దృఢమైనది మధుమేహమునకు సంబంధించినది. శ్రమించిన కండరము రక్తమునందలి చక్కెరను ఇన్సులిన్ సహాయమున సులువుగా గ్రహింపగలుగు స్థితి శ్రమానంతరము ఒకటి రెండు దినములు నిలిచి, పిమ్మట క్షీణించును. అందువలననే మధుమేహవైద్యులు వరుసగా రెండు దినములకు మించి వ్యాయామము విడువరాదందురు. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధనా మండలివారి సర్వేక్షణము మనదేశమున మధుమేహము గలవారు పదికోట్లకు పైబడిరని తెల్పినది గనుక, ఈ ఒక్క హేతువు మనకు తక్కిన హేతువులన్నిటికంటె అధికప్రయోజనకరము.

నిత్యవాదమునకు వీరగాథలును గలవు. వానిని జాగ్రత్తగా చదువవలయును. 1970లో బోస్టను మారథాను గెలిచిన ఆంగ్లేయుడు రాన్ హిల్, 1964 డిసెంబరు మొదలు 2017 జనవరి వరకు, ఏబదిరెండు సంవత్సరములకు పైగా, ఒక్కదినమైనను విడువక కనీసము ఒక మైలు పరుగెత్తెను. పాదమునకు శస్త్రచికిత్స జరిగిన దినములలో ఊతకర్రలతోనైనను ఆ మైలు పూర్తిచేసెను. పరుగులో ఎదనొప్పి రాగా తుదకు నియమమును విరమించెను. ఇందు నిత్యత్వమును నిలిపినది ఆ "కనీసము ఒక మైలు" అను సడలింపే. అలసిన దినమున అతడు చేసినది విరామవాదులు తేలికదినమని పిలుచుదానికి భిన్నమైనది గాదు. రెండవ గాథ బల్గేరియా బరువులెత్తువారిది. ఇవాన్ అబాజియెవ్ తన శిష్యులచే ప్రతిదినము, దినమున పలుమారులు, గరిష్ఠభారములకు చేరువగా ఎత్తించెను. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో బరువులెత్తుటయందు ఆ చిన్నదేశమునకు మూడు స్వర్ణపతకములు లభించెను. కాని 1988 సియోలులో నిషిద్ధౌషధములు బయటపడగా ఆ జట్టు పోటీలనుండి వైదొలగవలసి వచ్చినది. ఆ కఠోరశిక్షణకు తాళలేక మధ్యలో తొలగినవారి లెక్క పతకముల పట్టికలో కనబడదు. ఈ రెండు కారణములచే ఆ సాక్ష్యము సామాన్యులకు పనికిరాదని నిస్సందేహముగా చెప్పవచ్చును.

విరామవాదము

విరామవాదమునకు సైద్ధాంతికమైన పునాది వైద్యశాస్త్రజ్ఞుడు హాన్స్ సెలై 1936లో వేసెను. చలి, గాయము, అతిశ్రమ, విషౌషధములు అను వేర్వేరు పీడలకు ఎలుకల దేహము ఒకే క్రమమున స్పందించుననియు, మొదట కలత, పిమ్మట ప్రతిఘటన, పీడ తెరపిలేక కొనసాగినచో తుదకు క్షయము సంభవించుననియు ఆయన ప్రతిపాదించెను. సోవియట్ శాస్త్రజ్ఞుడు యాకొవ్లెవ్, శ్రమచే వ్యయమైన శక్తి విశ్రాంతికాలమున పూర్వస్థితిని దాటి కొంత అధికముగా పూరింపబడునని చెప్పగా, మత్వేయెవ్ ఆ భావమును మాసములకు, సంవత్సరములకు విస్తరించిన శిక్షణాప్రణాళికగా మార్చెను.

ఈ అధికపూరణము నిజముగా జరుగుచున్నదని చూపిన ప్రయోగము 1966 నాటిది. అది సరళమైనది, సుందరమైనది. స్వీడనులో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అను ఇరువురు వైద్యులు తమ దేహములనే ప్రయోగక్షేత్రములుగా జేసికొని, ఒకే వ్యాయామసైకిలునకు ఇరువైపుల నిలిచి, చెరియొక కాలితో అలసి సొలయువరకు తొక్కిరి. రెండవ కాలు విశ్రాంతిగా నుండెను. తొడకండరమునుండి సూదితో సూక్ష్మఖండములు తీసి చూడగా, శ్రమించిన కాలిలో గ్లైకోజెన్, అనగా కండరమున నిలువయుండు పిండిపదార్థము, అడుగంటియుండెను. పిండిపదార్థములు సమృద్ధిగా గల ఆహారము మూడు దినములు భుజించిన పిమ్మట, అదే కాలిలో అది విశ్రాంతిగా నున్న కాలికంటె సుమారు రెండింతలై నిలిచెను. ఒకే మనుష్యుడు, ఒకే భోజనము, ఒకే రక్తము. ఐనను రెండు కాళ్ల గతి వేరు.

ఇంత నిర్మలమైన ప్రయోగము పిమ్మట అతివ్యాప్తికి గురియైనది. గ్లైకోజెనునకు సత్యమైన ఆ వక్రరేఖను శిక్షణగ్రంథములు సమస్తదేహమునకును అన్వయించి, ప్రతి సామర్థ్యమును ఆ విధముననే క్షీణించి, పెరిగి, పొంగునట్లు చిత్రించినవి. బలము, నైపుణ్యము, గుండెదార్ఢ్యము ఆ రేఖ ననుసరించునన్నదానికి అంతటి ప్రమాణము లేదు. సెలై ఎలుకలు అనుభవించిన పీడకును, ఉదయపు నడకకును సామ్యము కల్పించుటయు ఇట్టి అతివ్యాప్తియే.

శిక్షణక్షేత్రమున ఈ వాదమును లోకప్రియము జేసినవాడు ఆరిగన్ విశ్వవిద్యాలయపు బిల్ బౌవర్మన్. కఠినదినము వెంట తేలికదినము నడువవలయునన్నది ఆయన సూత్రము. ఆ తేలికదినమున ఆయన శిష్యులు సాధారణముగా పరుగు మానలేదు. మెల్లగా, కొద్దిగా పరుగెత్తిరి. విరామమనగా పూర్ణనిశ్చలత్వమన్న భ్రమ సామాన్యజనులలో ప్రబలియుండుటచే ఈ మాటను నొక్కిచెప్పవలసియున్నది. అతిశ్రమవలన నిద్ర చెడుట, ఉత్సాహము నశించుట, సామర్థ్యము మాసములతరబడి కోలుకొనకుండుట నిజమైన వ్యాధియే. ఐరోపా, అమెరికా క్రీడావైద్యసంఘములు 2013లో ఉమ్మడిగా దాని స్వరూపమును నిర్ణయించినవి. కాని అది పోటీక్రీడాకారుల వ్యాధి. అరగంట నడచువానికి దానిని చూపి భయపెట్టుట న్యాయము గాదు.

ఒక్కొక్క ధాతువునకు ఒక్కొక్క గడువు

ఈ రెండు వాదములను తూచుటకు దేహమును ఏకఖండముగా గాక భాగములుగా చూడవలయును. కండరమున మాంసకృత్తుల నిర్మాణము భారవ్యాయామానంతరము ఎంతకాలము అధికముగా నుండునో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 1995లో కొలిచిరి: నాలుగు గంటలకు ఏబది శాతము, ఇరువదినాలుగు గంటలకు నూటతొమ్మిది శాతము హెచ్చి, ముప్పదియారు గంటలకు ఇంచుమించు పూర్వస్థితికి వచ్చెను. రోజు విడిచి రోజు బరువులెత్తు పాతయలవాటునకు ఇది చక్కని సమర్థనము. అలవాటులేని శ్రమచే కలుగు నొప్పులు ఒకటి మొదలు మూడు దినములలో తీవ్రమై తగ్గును. అదే శ్రమ మరల చేసినపుడు అవి చాల తక్కువగా వచ్చును.

కండరమును ఎముకతో కలుపు స్నాయుబంధనముల లెక్క వేరు. తీవ్రశ్రమ పిమ్మట మొదటి ఒకటి ఒకటిన్నర దినము వానిలో నిర్మాణముకంటె విచ్ఛిత్తియే అధికము. అంతలోనే మరల అంతటి శ్రమ కలిగించినచో నష్టము పూడదు. ఎముకలోని కణములు ఒకమారు కొంత తాడనము పొందిన పిమ్మట మందబుద్ధులగును; కొన్ని గంటల ఎడమిచ్చినచో మరల చురుకగునని ఎలుకలపై జరిగిన ప్రయోగములు చూపినవి. ఎడమియ్యని తాడనము ఏమి చేయునో 1855లోనే ప్రష్యా సైన్యవైద్యుడు బ్రైట్‌హౌప్ట్ దూరప్రయాణములు చేసిన సైనికుల వాచిన పాదములను వర్ణించినపుడు తెలిసినది; కొత్తగా సైన్యమున చేరినవారి పాదములు, కాళ్ల ఎముకలు చిట్లుట నేటికిని పరిపాటి.

ఇక గుండె, రక్తనాళములు, చక్కెర వినియోగము స్వల్పశ్రమను ప్రతిదినము కోరును. ఆ శ్రమకు అవి నష్టపోవు. మనస్సు, నిద్ర కూడ ఈ పక్షమువే. పోల్చి చూచినచో, ఈదుట, నడుచుట, సూర్యనమస్కారములు మొదలగునవి నిత్యమునకు అనుకూలములు. ఒకే కండరసముదాయమును అలయించు బరువులకు ఒకటి రెండు దినముల ఎడము మేలు. కఠినమైన నేలపై పరుగు ఎముకలకు, స్నాయుబంధనములకు అలవాటుపడువరకు, ముఖ్యముగా మొదటి కొన్ని మాసములు, ఎడము కోరును. ఒకనాడు కాళ్లకు, మరునాడు భుజములకు పని చెప్పువాడు నిత్యమును చేయుచు విరామమును పాటించువాడగుచున్నాడు. గుండె నిత్యవాది, ఎముక విరామవాది. మనుష్యునకు రెండును కలవు.

వారాంత సాధకులు

ఇరుపక్షములను కలవరపెట్టిన పరిశోధన మరొకటి కలదు. ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో సుమారు 63,000 మందిని అనుసరించి 2017లో వెలువడిన అధ్యయనమున, వారమునకు వలసిన శ్రమను ఒకటి రెండు దినములలోనే ముగించువారికిని, వ్యాయామము చేయనివారికంటె మరణభయము ముప్పదిశాతము వరకు తక్కువగా కనబడెను. 2023లో బ్రిటనులో ముంజేతికి కదలికలను కొలుచు యంత్రములు కట్టి దాదాపు 90,000 మందిని పరిశీలించినపుడును హృద్రోగముల విషయమున ఫలితము ఇట్టిదే. దీర్ఘాయుర్దాయమునకు మొత్తమే ముఖ్యమనియు, దినముల పంపకము గౌణమనియు ఇవి సూచించుచున్నవి. ఐతే ఇవి పరిశీలనలే గాని ప్రయోగములు గావు. మధుమేహము గలవానికి అయిదు దినముల ఎడము హితమని వీనినుండి తీర్మానించుట తొందరపాటు.

తేలవలసిన విషయములు

మొదటిది అలవాటునకు సంబంధించినది. ఒక్కనాడు విడిచినచో అలవాటే చెడునని నిత్యవాదులు తరచుగా చెప్పుదురు. లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందము 2010లో ప్రకటించిన అధ్యయనమున, ఒక పని స్వయంచాలకమగుటకు పట్టిన కాలము పదునెనిమిది దినములు మొదలు రెండువందల ఏబదినాలుగు దినముల వరకు మారెను. నడుమ ఒక్క అవకాశము తప్పినంతమాత్రమున పెద్దభేదము రాలేదు. కాని ఒక్కసారి తప్పుట వేరు, వారమున రెండు దినములను ముందుగానే విడిచిపెట్టుట వేరు. స్వభావభేదమునుబట్టి కొందరికి "ప్రతిదినము" అను నియమమే సులభము, అందు ఆలోచనకు తావులేదు గనుక. మరికొందరికి అదే నియమము మొదటి భంగముతో సర్వమును వదలుటకు సాకగుచున్నది. ఎవరు ఏ కోవకు చెందుదురో ముందుగా చెప్పగల విద్య ఇంకను రాలేదు.

రెండవది సాక్ష్యమునే గూర్చినది. మోరిస్ పరిశీలించినవారందరును పురుషులు. స్వీడను సైకిలునకు ఇరువైపుల నిలిచినవారును పురుషులే. ఋతుచక్రమునుబట్టి స్త్రీలకు, వయోభేదమునుబట్టి వృద్ధులకు కోలుకొను కాలము ఎట్లు మారునన్న విషయమున పరిశోధనల ఫలితములు పరస్పరము పొసగకున్నవి.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె గురుతరమైనది, కూలిపనికి సంబంధించినది. నెదర్లాండ్సు పరిశోధకులు ఇతరులతో గూడి 2018లో ప్రకటించిన సమీక్షలో, వృత్తిరీత్యా కఠినశ్రమ చేయు పురుషులకు మరణభయము పదునెనిమిది శాతము అధికమని తేలెను. విరామసమయమున చేయు శ్రమ ఆయువును పెంచుచుండగా, పనిశ్రమ దానిని తగ్గించుచున్నట్లు కనబడిన ఈ వైపరీత్యమునకు ఒక కారణముగా, పనిశ్రమయందు కోలుకొనుటకు ఎడము లేకపోవుటను వారు చూపిరి. 2021లో నార్వేలో నాలుగు లక్షలకు పైగా జనులను పరిశీలించినవారు, పేదరికము, ధూమపానము మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్నచో ఆ వైపరీత్యము పురుషులలో నిలువదని, పైగా శ్రమించువారే అధికకాలము జీవించుచున్నారని బదులు చెప్పిరి. ఈ వివాదము నేటికిని తెగలేదు.

ఇది గోదావరి డెల్టాలో నాట్లకాలమున మోకాటిలోతు బురదలో దినమంతయు నడుము వంచి నిలుచు స్త్రీలను, మార్కెట్ యార్డులలో బస్తాలు మోయు హమాలీలను నేరుగా తాకు విషయము. నాట్లు సాగినన్ని దినములును వారికి తేలికదినము లేదు. పనిలేని దినములలో విరామమున్నను కూలి లేదు. మధుమేహమో, రక్తపోటో బయటపడి ఆరోగ్యకేంద్రమునకు వచ్చిన ఇట్టి మనుష్యునకు, ఉద్యోగము చేసి కుర్చీలో కూర్చుండువారికి చెప్పిన విధముననే ప్రతిదినము అరగంట నడువుమని సలహా వ్రాసియిచ్చుట నేడు సాధారణముగా జరుగుచున్నది. ఆ చీటీ వ్రాయుటకు ముందు, ఆ దినమున ఎన్ని బస్తాలు మోసితివని, రాత్రి ఎన్ని గంటలు నిద్రించితివని వైద్యుడు అడుగవలసియున్నది.